బాబాయిగారు నేర్చుకున్న విమానం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం రాజోలు నుంచి ఫోను వచ్చింది. పిన్నిగారి గొంతు. "బాబూ, మీ బాబాయిగారు మంగళవారం పోయేరండి. మీకు చెప్పాలని నెంబరు వెతికించేను" అన్నారు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చూసి, వీధి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. నేనింకా ఏమీ అనకముందే, ఎండల్లో ప్రయాణం పెట్టుకోవద్దనీ, వీలు చూసుకుని రమ్మనీ చెప్పి పెట్టేశారు.

వాళ్ళు నాకు చుట్టాలు కారు. తొంభైల మధ్య నుంచి ఏడేళ్ళపాటు నేనొక సిమెంటు కంపెనీకి కోనసీమ ప్రతినిధిగా అమలాపురంలో గది తీసుకుని ఉన్నాను. రాజోలులో ఆయన మా డీలరు. మాది కడప జిల్లాలో వానకి మొహం వాచిన పల్లె. కొత్తవాళ్ళని వరసలు పెట్టి పిలవడం నాకు చేతకాదు. "మాటకి ముందు మేడమ్, మాట వెనక మేడమ్ ఏవిటి బాబూ, పిన్నిగారూ అనండి, నోటికి తేలిగ్గా ఉంటుంది" అని ఆమే సర్దారు. ఆ లెక్కన ఆయన బాబాయిగారయ్యారు. ఆయన మాత్రం నన్ను చివరిదాకా "కంపెనీగారూ" అనే పిలిచారు. నేను కంపెనీ మారినా ఆ పిలుపు మారలేదు.

పొట్టి మనిషి, గట్టి మనిషి. పొట్టి చేతుల చొక్కా, భుజం మీద తువ్వాలు. లారీ వస్తే ముందు ఒక బస్తా మూతి విప్పించి, చెయ్యి మణికట్టు దాకా సిమెంటులోకి దింపేవారు. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, "చల్లగా ఉందండి, దించండి" అంటేనే ముఠా కూలీలు బస్తా మీద చెయ్యి వెయ్యాలి. ఎవరైనా యాభై బస్తాలు కావాలని వస్తే ఏం కడుతున్నారో, ఎంత పొడుగో, ఎంత వెడల్పో అడిగి, మనసులో లెక్క వేసి, "ముప్ఫై ఆరు చాలండి. వానాకాలం, మిగిలితే గడ్డ కట్టేస్తాయి" అనేవారు. ఎదురుగా కూర్చున్న నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన "చూద్దాం లెండి" అన్నారంటే ఆ పని జరగదని అర్థం. "ఆయ్" అన్నారంటే జరిగిపోయినట్టే.

ఆయనలో ఒక సంగతి గమనించడానికి నాకు ఏడాది పట్టింది. షాపులో ఆయన కుర్చీ రెండు కాళ్ళు గడప లోపలా, రెండు కాళ్ళు బయట అరుగు మీదా ఉండేది. గాలి కోసం అనుకున్నాను. రాజమండ్రిలో డీలర్ల సమావేశానికి అందరికన్నా ముందు వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. సినిమాకి వెళ్తే వరసలో చివరి సీటు. పెళ్ళి భోజనాల్లో పంక్తికి కొస విస్తరి. బస్సులో తలుపు పక్క సీటు దొరక్కపోతే దిగి, తరవాత బస్సు కోసం నిలబడేవారు. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు ఆయన చూపు మనుషుల మీద కాక గుమ్మం మీద పడేది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మా కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. మార్చి ఆఖరుకి డీలరు తనకి పెట్టిన టార్గెట్ అందుకుంటే భార్యాభర్తలిద్దర్నీ విమానంలో ఎక్కడికైనా విహారయాత్రకి తీసుకెళ్ళేవాళ్ళం. ఒక ఏడు నేపాల్, ఒక ఏడు గోవా. బాబాయిగారి షాపు ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా బాగా నడిచేది. అయినా వరసగా మూడేళ్ళు ఆయనకి యాత్ర తప్పిపోయింది. మూడేళ్ళూ ఒక్క లారీయే తక్కువ. ఫిబ్రవరి దాకా పరుగు పెట్టిన అమ్మకం మార్చి వచ్చేసరికి కాళ్ళు కట్టేసినట్టు ఆగిపోయేది. "ఒక్క లారీ బాబాయిగారూ, ఏప్రిల్లో ఎలాగూ తీసుకుంటారు కదా" అని బతిమాలేవాణ్ణి. "చూద్దాం లెండి." మూడో ఏడు మార్చి చివరి వారంలో నా కళ్ళ ముందే ఒక మేస్త్రిని ఎదుటి షాపుకి పంపించారు, మా సరుకు నిండుకుందని చెప్పి. ఇంకో లారీ పంపమని నాతో ఒక్క మాట అంటే సాయంత్రానికల్లా వచ్చేది. ఆ మాట అనలేదు.

ఆ సెప్టెంబరులో ఒక గృహప్రవేశానికి ఇద్దరం నరసాపురం బయల్దేరాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. గోదావరి ఎర్రగా, ఒడ్డు తెలియకుండా ఉంది. రెండు పడవలు కలిపి బల్లలు పరిచిన ఆ పంటు మీద ఒక వ్యానూ, పది మోటారు సైకిళ్ళూ, జనమూ. ఈత రాని నేను నడి మధ్యలో వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాను. బాబాయిగారు అంచున, కమ్మీ కూడా లేని చోట, పంచె ఎగ్గట్టి నిలబడి నీళ్ళలో కొట్టుకొచ్చే కొబ్బరి మట్టలు చూస్తున్నారు. కాసేపటికి నా దగ్గరికి వచ్చారు.

"భయంగా ఉందా కంపెనీగారూ?"

లేదన్నాను.

"ఉంటే ఉందనండి. తప్పేముంది?" అన్నారు. తరవాత గొంతు తగ్గించి ఆయనే చెప్పారు. "నాకిది లెక్క కాదండి. గోదావరి లంకలో పుట్టినవాణ్ణి. ఏదైనా అయితే దూకుతాను. ఈదితే ఈదుతాను, లేకపోతే పోతాను. దూకడం నా చేతిలో ఉంది కదండి. విమానంలో తలుపు ఇంకెవరో వేస్తారు. తియ్యాలన్నా వాళ్ళే. అది తల్చుకుంటే చాలు, ఇక్కడ బిగిసిపోతుందండి." గుండె మీద అరచెయ్యి పెట్టి చూపించారు.

మూడేళ్ళ లారీ లెక్క నాకు అప్పుడు అర్థమైంది. రానని కంపెనీకి ఒక ముక్క చెప్పేస్తే సరిపోయేది కదా అన్నాను. టూరు వచ్చిందని తెలిస్తే మీ పిన్నిగారు వెళ్దామంటుందనీ, అసలు రాలేదనుకుంటే ఎవరికీ బాధ ఉండదనీ చెప్పారు. చిన్నప్పుడేమైనా జరిగిందా, ఎవరైనా గదిలో పెట్టి గడియ వేశారా అని అడిగాను.

"ఏవీ జరగలేదండి. అదే చిక్కు. ఏదైనా జరిగుంటే దాన్ని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. కాని నోరు జారడానికి ఆ మాటే చెప్పనక్కరలేదు. ఒకరోజు వాళ్ళింట్లో భోంచేస్తున్నాను. బాబాయిగారు చెయ్యి కడుక్కుని షాపులోకి వెళ్ళిపోయారు. ఈ ఏడు కంపెనీ అండమాన్ అంటోందనీ, పోయిన మూడేళ్ళలా కాకుండా మీరిద్దరూ రావాలనీ పిన్నిగారితో అనేశాను. ఆమె గరిట ఆగింది. "పోయిన మూడేళ్ళూ ఎక్కడికి బాబూ?" అని అడిగారు. చెప్పక తప్పింది కాదు. ఆమె పుట్టిల్లు కపిలేశ్వరపురం. మెట్టింది రాజోలు. తిరుపతి ఒకసారి, కూతురి పురుడికి కాకినాడ రెండుసార్లు. అంతకు మించి ఎక్కడికీ వెళ్ళలేదు. "అయితే నేపాల్ మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళిందన్నమాట" అని, నాకు మారు అన్నం వడ్డించారు. కోపం వచ్చిందో లేదో ఆ మొహంలో తెలియలేదు.

డీలర్‌షిప్ ఆమె పేరు మీద ఉంది. ఏ కాగితం పెట్టినా గుండ్రటి అక్షరాలతో సంతకం చేసేవారు, చదివేవారు కాదు. ఆ రోజు నుంచి చదివి సంతకం పెట్టడం మొదలుపెట్టారు. మార్చి ఇరవై ఎనిమిదిన బాబాయిగారు మళ్ళీ నరసాపురం వెళ్ళారు, ఏదో పెళ్ళికి. పిన్నిగారు అమలాపురం ఫోను చేసి, మా షాపుకి ఒక లారీ పంపండి అన్నారు. "బాబాయిగారు..." అన్నాను. "ప్రొప్రైటరు నేను కదా బాబూ" అన్నారు. పంపించాను. సాయంత్రం ఆయన రేవు దాటి వచ్చేసరికి షాపు ముందు బస్తాలు దిగుతున్నాయి. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన లారీని చూశారు, లోపల గుమ్మంలో నిలబడ్డ భార్యని చూశారు. ఒక బస్తా విప్పించి చెయ్యి దింపారు. "సరుకు చల్లగానే ఉందండి" అని మాత్రం అన్నారు.

యాత్ర సెప్టెంబరులో. ఆ ఐదు నెలలూ ఆయన ఊరికే కూర్చోలేదు. అండమాన్‌కి ఓడ కూడా ఉందని ఎవరో చెబితే విశాఖపట్నం వెళ్ళి కనుక్కొచ్చారు. తను మూడు రోజులు ముందుగా ఓడలో బయల్దేరతాననీ, పిన్నిగారు మాతో విమానంలో వస్తే అక్కడ రేవులో కలుసుకుంటాననీ ఏర్పాటు. తీరా చూస్తే ఆ ఓడ మేము తిరిగొచ్చిన తరవాత వారానికి గాని లేదు. విమానం ఎక్కినవాళ్ళు ఎక్కడ కనిపించినా తలుపుల సంగతి అడిగేవారు. ఎన్ని ఉంటాయి, లోపలి నుంచి తెరుచుకుంటాయా, ఎవరి దగ్గర తాళం ఉంటుంది. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఎక్కినవాళ్ళెవరూ ఆ వైపు చూడలేదట.

చెన్నై విమానాశ్రయం దాకా వచ్చారు. అన్ని జిల్లాల డీలర్లూ కలిపి నలభై మందిమి. సామాను తూకం వేయించి ఇచ్చేశాం. వాళ్ళిద్దరి బట్టలూ ఒకటే పెట్టెలో ఉన్నాయి. గాజు గోడ అవతల విమానం కనిపిస్తోంది. విమానానికి పిలుపు వచ్చింది. అందరూ లేచారు. బాబాయిగారు లేవలేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నా వల్ల కాదే. కాళ్ళు రావడం లేదు" అన్నారు.

పిన్నిగారు మళ్ళీ పక్కన కూర్చున్నారు. మా వాళ్ళలో ఒకాయన ఏదో హాస్యమాడబోతే నేను వారించాను. వరస సగం లోపలికి వెళ్ళిపోయింది.

"నేను వెళ్ళనా, ఉండనా?" అని ఆమె అడిగారు.

"వెళ్ళు."

"కోపం కాదు కదా?"

"నీ మీద కోపం ఎందుకే? వెళ్ళి చూసి రా."

ఆమె చేతిసంచిలోంచి జంతికల పొట్లం తీసి ఆయన ఒళ్ళో పెట్టారు. లేచి వచ్చి వరసలో నా వెనక నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూడలేదు. విమానంలో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఏడ్చారో లేదో నేను చూడలేదు. కాని విమానం పైకి లేచిన కాసేపటి నుంచి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఆ చప్పుడేవిటి, చెవులు ఎందుకు మూసుకుపోయాయి, ఇందాక ఆ అమ్మాయి ఎందుకలా చేతులు ఊపింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి ఆ అమ్మాయినే పిలిచి అడిగారు. అండమాన్‌లో నాలుగు రోజులూ అందరికన్నా ముందు తయారై నిలబడేవారు. "సముద్రం మన అంతర్వేదిదేనండి, రంగే వేరు" అన్నారు. బాబాయిగారి చొక్కాలు నాలుగూ అండమాన్ వెళ్ళి, మడత నలక్కుండా తిరిగొచ్చాయి.

ఆయన కట్టుబట్టలతో రైలెక్కి, మూడో రోజు పొద్దున్నే షాపు తెరిచారట. ముఠా మేస్త్రి అప్పుడే వచ్చేశారేవిటని అడిగితే, "ఎక్కలేదు. భయమేసింది" అన్నారట. సిమెంటుకి వచ్చిన ప్రతివాడూ అడిగాడు. ప్రతివాడికీ అదే జవాబు. వంట్లో బాగాలేదనో, షాపులో పని పడిందనో అనొచ్చు. అనలేదు. నాలుగు రోజులు నవ్వుకున్నారు. దాచనిదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు నవ్వుతారు? ఐదో రోజుకి మానేశారు.

పిన్నిగారు వచ్చాక రెండు రోజులు ఆయన ఏమీ అడగలేదట. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, "తలుపు ఎప్పుడు వేస్తారే?" అన్నారు. ఆమె చెప్పడం మొదలుపెట్టారు.

అలా మొదలైంది. ఒంటిగంట నుంచి మూడు దాకా రాజోలులో ఎవరూ సిమెంటు కొనరు. ఆ వేళ అరుగు మీద కూర్చుని ఆమె విమానం చెప్పేవారు, ఆయన వినేవారు. మెట్లు ఎక్కడం, నమస్కారం పెట్టే అమ్మాయి, సీటు, బెల్టు. తలుపు వేస్తే పెద్ద చప్పుడేమీ కాదు, బీరువా మూసినట్టు ఉంటుంది. తరవాత చల్లగాలి మొహం మీదికి వస్తుంది. తరవాత వెనక్కి నెట్టినట్టు ఉంటుంది, అప్పుడే పైకి లేచేది. కింద ధడ్‌మని చప్పుడు, అది చక్రాలు మడవడం, ఏమీ కాదు. చెవులు మూసుకుపోతే గుటక వెయ్యాలి. తరవాత ఇడ్లీ, తరవాత కాఫీ. ఒకరోజు వదిలేసిన ముక్క ఆయన ఇంకోరోజు అడిగి పట్టుకునేవారు. నేను వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆమె కాఫీ ముందు చెబితే, బస్తాల మీద నడుం వాల్చిన ముఠా మేస్త్రి కళ్ళు తెరవకుండానే, "ఇడ్లీ అయ్యేక కదండి అమ్మగారూ" అన్నాడు.

మాఘమాసంలో ఒకరోజు వెళ్ళేసరికి షాపులో కుర్చీ ఖాళీగా ఉంది. పిన్నిగారు పెరట్లో గోడౌన్ ముందు పీట వేసుకుని చింతపండు ఈనెలు తీస్తున్నారు. గోడౌన్ తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. బాబాయిగారు ఎక్కడికి వెళ్ళారని అడిగాను.

"విమానంలో ఉన్నారు బాబూ" అన్నారామె. గోడకి ఆనించిన టైంపీసు చూసి, "ఇంకో ఇరవై నిమిషాల్లో దిగుతారు. కూర్చోండి, కాఫీ ఇస్తాను."

తడి తగలకూడదని కిటికీలు లేకుండా కట్టిన గది అది. లోపల బస్తాల మధ్య స్టూలు వేసుకుని ఆయన కూర్చుంటున్నారట, రోజూ. మొదటి రోజు నాలుగు నిమిషాలకే తలుపు బాదారు. తను పిలిచినా తియ్యొద్దని ఆయన షరతు పెడితే, అలాగైతే గడియ పెట్టనే పెట్టనని ఈమె తెగేసి చెప్పారు. పిలిస్తే తీస్తానని ఒప్పందం. కొన్నాళ్ళు పిలిచారు, కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. నేను కాఫీ తాగుతుండగా ఆమె చింతపండు మీంచి తలెత్తకుండానే తలుపు వైపు కాస్త గొంతు పెంచి, "ఇప్పుడు కిందికి దిగుతున్నామని చెప్తారండి. బెల్టు పెట్టుకోండి" అన్నారు. లోపలి నుంచి "ఆయ్" అని వినిపించింది.

గడియ తీశాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చారు. కనుబొమ్మల మీద సిమెంటు. నన్ను చూసి సిగ్గుపడలేదు. భయం తగ్గిందా బాబాయిగారూ అన్నాను.

"లేదండి. మొదటి రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. కూర్చోడం అలవాటైంది."

మార్చిలో చివరి లారీ కోసం ఆయనే ఫోను చేశారు. కాని ఆ ఏడు కంపెనీ బ్యాంకాక్ అంది. ఆ మాట చెప్పడానికి నేనే రాజోలు వెళ్ళాను.

"నాకు బ్యాంకాక్ రాదండి కంపెనీగారూ" అన్నారు. "అండమానే వచ్చు."

మా మేనేజరుకి ఇది ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. బ్యాంకాక్ బదులు వాళ్ళిద్దరికీ పోర్ట్ బ్లెయిర్ టికెట్లు ఇప్పించి, తోడుగా నన్ను పంపించారు. మళ్ళీ సెప్టెంబరు, మళ్ళీ చెన్నై, అదే గాజు గోడ. పిలుపు వచ్చినప్పుడు పిన్నిగారు ఆయన మొహం చూడకుండా లేచి ముందు నడిచారు. ఆయన లేచారు. వెనకాల చేతిసంచి పట్టుకుని నడిచారు. మెట్ల దగ్గర ఒక్కసారి ఆగి, గుటక వేసి, ఎక్కారు.

పిన్నిగారు కిటికీ దగ్గర, ఆయన నడవా పక్క, నడవాకి ఇవతల నేను. తలుపు దగ్గరి సీటు అడిగాం, దొరకలేదు. ఆయన ముందుకే చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా చెప్పుకుంటున్నారు. "ఇప్పుడు తలుపేస్తారు." వేశారు. సీటు చేతుల మీద ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. "ఇప్పుడు చల్లగాలి." వచ్చింది. "ఇప్పుడు వెనక్కి నెడుతుంది." నెట్టింది. "చక్రాలు." ధడ్‌మంది. ఇడ్లీ బదులు ఉప్మా వచ్చినప్పుడు ఒక్క క్షణం కంగారుగా భార్య వైపు చూశారు. "అదీ టిఫినేనండి" అన్నారామె. తిన్నారు. పక్క మనిషిగా చెబుతున్నాను, ఆ రెండు గంటలూ ఆయన చొక్కా ఆరలేదు. కాని లేవలేదు, ఎవర్నీ పిలవలేదు.

దిగుతున్నామని చెప్పారు. బయట వాన. మబ్బుల్లో విమానం రాళ్ళ రోడ్డు మీద బస్సులా ఊగుతోంది. మబ్బు విడిచేసరికి కింద సముద్రం, తరవాత చెట్లు, తరవాత తడిసిన రన్‌వే చాలా దగ్గరగా కనిపించాయి. చక్రాలు నేలకి తగలబోతున్నాయనగా ఇంజన్లు ఒక్కసారి గర్జించాయి. ముక్కు పైకి లేచింది. మళ్ళీ ఆకాశంలోకి వెళ్ళిపోయాం. వెనక ఎవరో దేవుణ్ణి పిలిచారు.

బాబాయిగారు భార్య వైపు తిరిగారు. "ఇది నువ్వు చెప్పలేదే."

"పోయినసారి ఇలా అవలేదండి" అన్నారామె. ఆ మొహంలో రక్తం లేదు. ఏడాదిపాటు చెప్పిన మనిషికి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. "నాకూ తెలీదు."

ఆయన సీటు చేతిని పట్టుకున్న చెయ్యి వదిలి, ఆమె చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నారు.

"అయితే ఇద్దరికీ కొత్తే" అన్నారు. తరవాత, షాపులో బస్తాల లెక్క చెప్పే గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. "వరద రోజుల్లో రేవు దగ్గర సుడి ఉందనుకో. పంటు నడిపే సరంగు ఏం చేస్తాడు? ఎదురుగా ఒడ్డుంది కదా అని తీసుకెళ్ళి గుద్దడు. వెనక్కి తీస్తాడు. కాస్త నీళ్ళలో తిప్పి, సుడి తప్పించి, మళ్ళీ తెచ్చి పెడతాడు. ఎన్నిసార్లు చూళ్ళేదు నువ్వు? ఈయనా అంతే. తొందరపడే మనిషి కాదు. మంచి సరంగే."

ఆమె తలూపారు. నడవాకి ఇవతల నేను కూడా ఊపిరి తీసుకున్నాను. ఆయన భయం పోయిందని నేను రాస్తే అబద్ధం. ఆమె చెయ్యి పెట్టుకున్న ఆ మోకాలు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. విమానం సముద్రం మీద ఒక చుట్టు తిరిగింది. ఆయన రేవు గురించి చెబుతూనే ఉన్నారు, ఏ సరంగు ఎప్పుడు ఎలా తిప్పాడో, ఎవరు ఎన్నిసార్లు వెనక్కి తీశారో. రెండోసారి చక్రాలు నేలకి తగిలి, నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తి, విమానం ఆగింది.

జనం లేచి పైనున్న సంచులు దించుకుంటున్నారు. ఆయన కదల్లేదు. తువ్వాలుతో మొహం, మెడ, చేతులు నెమ్మదిగా తుడుచుకున్నారు. తరవాత పిన్నిగారి వైపు వంగారు.

"రేపెప్పుడైనా ఎవరికైనా చెప్పాల్సి వస్తే, ఇది కూడా కలిపి చెప్పు."

"ఆయ్, చెప్తానండి" అన్నారు పిన్నిగారు, బెల్టు విప్పుకుంటూ.